దుప్పట్లు ఆరేసే చోటు

వదిన ఇప్పుడు ఆరింటికి లేస్తోంది. ఆరింటికి లేవడం కూడా ఒక విశేషమేనా అంటే, ఆ ఇంట్లో విశేషమే. పదమూడేళ్ళ పాటు ఆవిడ నాలుగున్నరకే లేచింది. అలారం పెట్టుకుని కాదు. వీధి కళ్ళు తెరవకముందే ముగించాల్సిన పని ఒకటుండేది, అదే తట్టి లేపేది. ఆ పని దుప్పటి ఉతకడం.

పదకొండేళ్ళు భర్త దుప్పటి. ఆయన పోయాక రెండేళ్ళు మరిది దుప్పటి. తాగిన ఒంటికి పట్టే చెమట ఎండకి పట్టే చెమటలాంటిది కాదు. పుల్లటి వాసన, జిడ్డు, ఒక్క నానుకి వదలదు. పోనీ ఉతికి బయట తీగ మీద వేద్దామా అంటే, రోజూ దుప్పటి ఆరేసే ఇంటిని వీధి ఊరికే వదిలిపెడుతుందా? "ఏం వదినా, ఇంట్లో పసిబిడ్డ గానీ ఉందా?" అని ఒకరంటారు, పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. అందుకని మెట్ల కింద, వంటింటి గోడకి అడ్డంగా తాడు కట్టి అక్కడ వేసేది. గాలి తగలని చోట దుప్పటి ఆరడానికి రెండు రోజులు పట్టేది. ఇల్లంతా ఎప్పుడూ తడి వాసనే.

"మనింట్లో రెండే కాలాలమ్మా," అనేది కూతురు ముక్కు మూసుకుని. "వర్షాకాలం ఒకటి, దాని తర్వాత వచ్చే వర్షాకాలం ఒకటి."

వదిన అన్నది ఆవిడ పేరు కాదు. మరిది పిలిచే పిలుపు. కాపరానికి వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. రోజుకి వంద సార్లు "వదినా, వదినా" అని వీధి దద్దరిల్లేలా అరిచేవాడు. వినీ వినీ వీధి కూడా అదే అందుకుంది. ఎదురింటి ఇస్త్రీ ఆయన, ఆవిడకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, ఆయనకీ ఆవిడ వదినే.

అన్నదమ్ములిద్దరూ కాటాలు బాగుచేసేవాళ్ళు. కూరగాయలవాళ్ళ త్రాసులు, కిరాణా కొట్ల కాటాలు, గోదాముల్లో బస్తాలు తూచే పెద్ద కాటాలు, అద్దాల పెట్టెలో పెట్టే బంగారం కొట్ల సన్న త్రాసులు, అన్నీ ఆ పదడుగుల కొట్టుకే వచ్చేవి. అందుకే అన్నని పెద్దకాటా అనీ, తమ్ముణ్ణి చిన్నకాటా అనీ అనేవారు. పెద్దకాటా ముల్లు వణుకు చూసి ఎన్ని గ్రాముల తేడా ఉందో చెప్పేవాడు. "మీ ఆవిడ ఉప్పు కూడా తూచే వేస్తుందా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "తూచే వేస్తుంది. కాకపోతే రాళ్ళు తనవి," అనేవాడు. వదిన వంటింట్లోంచే గరిటె చూపించేది.

మందు అలవాటు మొదట సాయంత్రాలకి వచ్చింది, తర్వాత మధ్యాహ్నాలకి జరిగింది. చివరికి పొద్దున్నే ఒక గుక్క పడందే వేళ్ళు నిలిచేవి కావు. వేళ్ళు నిలవందే సన్న త్రాసు ముట్టుకోలేరు. పనికోసం తాగాలి, తాగితే పని పోతుంది. అన్నకి ఎలాగో తమ్ముడికీ అంతే.

పెద్దకాటా మానేద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆ మాట వదిన ఎవరి ముందైనా గట్టిగా చెబుతుంది.

"చూడవే," అన్నాడు ఒక ఆదివారం పొద్దున. "కాటా పాడైతే మేమేం చేస్తాం? పళ్ళెం మీద ఉన్నదంతా తీసేస్తాం. ముల్లు సున్నా మీద నిలబెడతాం. ఆ తర్వాతే ఏ తూకమైనా. సగం బరువు పళ్ళెంలో ఉంచుకుని సరిచేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. నన్నూ అలాగే సున్నాకి తెచ్చేస్తా. ఈ గదికి తాళం వెయ్యి. నేను బతిమాలినా తియ్యకు, తిట్టినా తియ్యకు."

ఆవిడ తాళం వేసింది. గుండె నిండా గర్వంతో వేసింది. వంటింట్లో కూతురి చెవిలో, "మీ నాన్న మానేశారే," అని కూడా చెప్పుకుంది. మొదటి రోజు వణికాడు, తిట్టాడు. ఆవిడ తియ్యలేదు. రెండో రోజు దుప్పటి మీద ఏదో ఏరుకుంటున్నాడు. కిటికీలోంచి "ఏంటండీ?" అని అడిగితే, "రాళ్ళే, చిన్న రాళ్ళు, గ్రాము రాళ్ళు, అన్నీ చెల్లాచెదురైపోయాయి," అన్నాడు. అక్కడ రాళ్ళు లేవు. మూడో రోజు తెల్లవారుతుండగా ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి బండి వచ్చేసరికి అంతా అయిపోయింది.

బండితో వచ్చిన డాక్టరు కుర్రాడేం కాదు, నెరిసిన జుట్టాయన. తాళం చూశాడు, ఆవిణ్ణి చూశాడు. తిట్టలేదు. "ఇంత తాగే మనిషిని ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదమ్మా. ఒంటికి అది అలవాటైపోయి ఉంటుంది. డాక్టర్ల కళ్ళముందు, మందులిచ్చి ఆపాలి. మీకెవరూ చెప్పి ఉండరు," అన్నాడు. ఆ ఆఖరి ముక్క అన్నందుకు ఆవిడ ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటుంది.

ఇంకొక సంగతి మాత్రం ఆవిడ చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చుట్టాలు రాకముందు, ఆ కాస్త వ్యవధిలో, ఆవిడ దుప్పటి ఉతికేసింది. కావాలని కాదు. కాళ్ళూ చేతులూ ఆడని వేళ చేతులకి తెలిసిన పని అదొక్కటే. మూడో నెలలో ఒకరోజు ఆయన వాసన కావాలనిపించి పెట్టె తెరిచి దుప్పటి మొహానికి ఆనించుకుంటే, సబ్బు వాసన వచ్చింది. మళ్ళీ మడిచి పెట్టెలోనే పెట్టేసింది. నీలం గళ్ళ దుప్పటి.

* * *

రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం బంగారం కొట్టు నుంచి త్రాసు తిరిగొచ్చింది. అర గ్రాము తేడా. ఆ కొట్టు పుట్టాక వెనక్కి వచ్చిన మొదటి త్రాసు అదే. చిన్నకాటా దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. నలభై దాటినవాడు, బడిలో దెబ్బలు తిని వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"వదినా, నేను మానేస్తా."

"మంచిది."

"అన్నయ్య చెప్పినట్టే, సున్నాకి తెచ్చేస్తా. తాళం వెయ్యి."

ఆవిడ చేతిలోని గిన్నె కిందపడి దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలింది. ఎవరూ తియ్యలేదు.

"తాళం వేసే చేతులు నా దగ్గర లేవురా," అంది వదిన. "మాన్పించే చోటికి వెళ్దాం. అక్కడ ఆపుతారు. అప్పటిదాకా రోజూ తాగేది తాగు. పెంచకు. తగ్గించకు."

"నీకు మతి గానీ పోయిందా? తాగమంటున్నావా నన్ను?"

"అవును. పోసేది కూడా నేనే."

అతను నవ్వబోయాడు, కుదర్లేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "గురువారం దాకా ఈ మాట మీద నిలబడగలను వదినా. ఆ తర్వాత నా మాట మీద నాకే నమ్మకం లేదు. చోటు నువ్వు చూడు. ఎక్కడికంటే అక్కడికి వస్తా. కానీ నువ్వే చూడాలి, నీ కళ్ళతో. ఫోన్లో చూసి చెప్పిన చోటికి రాను."

అలా వదిన నెత్తిన మూడు రోజుల గడువు పడింది. ఒకసారి తను వేసిన తాళం ఒక మనిషిని మింగింది. ఇప్పుడు తను చూపించే గుమ్మం ఇంకో మనిషిని దాటిస్తుందో, మింగుతుందో. ఐదో తరగతితో ఆగిన చదువు ఆవిడది. ఆసుపత్రి బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి బస్సు వెళ్ళిపోతుంది.

కూతురు కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసేది. సోమవారం పనికి సెలవు పెట్టి ఫోను ముందేసుకుని కూర్చుంది.

"అమ్మా, దీనికి నాలుగున్నర నక్షత్రాలు. దీనికి మూడే."

"నక్షత్రాలు చూసుకుంటూ వెళ్ళడానికి మనం ఏమన్నా ఓడలో వెళ్తున్నామా?"

"జనం మెచ్చుకున్నారని గుర్తమ్మా."

"మెచ్చుకున్నవాళ్ళు బతికి బయటపడ్డవాళ్ళే కదే. మిగతావాళ్ళు ఎక్కడ రాస్తారు?"

 అయినా కూతురు మూడు చోట్లు ఏరి కాగితం మీద రాసింది. ఆ మూడు రోజులూ వదిన వంటింటి కాటా మీద సీసా పెట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచింది. ఎంత తగ్గిందో తలుపు వెనక సుద్దతో గీసింది. కాటాల ఇంట్లో ఇంకెలా లెక్కపెడతారు?

* * *

మొదటిది తోట బంగ్లా. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా పూల కుండీలు, ముందు గదిలో చేపల తొట్టి, మెత్తటి కుర్చీలు. మేనేజరు చేతులు జోడించి నవ్వాడు. "ఇది ఆసుపత్రి కాదమ్మా, ఇల్లు అనుకోండి. పాటలుంటాయి, మాట్లాడుకోవడాలుంటాయి, తోటపని ఉంటుంది." కూతురు అప్పటికే చేపలతో ప్రేమలో పడిపోయింది.

వదినకి ఏం అడగాలో తెలియలేదు. గోడల మీది కాగితాలు చదవలేదు. కానీ ఒక ఇంటి సంగతి తెలుసుకోవాలంటే ఆవిడ ముందు గది చూసి ఆగదు. ముందు గది చుట్టాల కోసం సర్దుకునేది. పెళ్ళిచూపులకి వెళ్ళినా పెరట్లోకి తొంగి చూసి వచ్చే రకం.

"బట్టలు ఆరేసే చోటు ఒకసారి చూపిస్తారా అండీ?"

మేనేజరు ఖంగుతిన్నాడు. "బట్టలా? అవి బయటికి పంపిస్తామమ్మా. వారానికోసారి బండి వస్తుంది."

"వారానికోసారి," అంది వదిన. ఆవిడ కళ్ళముందు మూడో రోజు దుప్పటి మెదిలింది. "మరి మానిన మూడో రోజు తడిసే దుప్పట్లు?"

మేనేజరు నవ్వు తగ్గింది. అయితే మంచివాడే, అబద్ధం చెప్పలేదు. "ఆ దశలో ఉన్నవాళ్ళని మేం చేర్చుకోమమ్మా. మా దగ్గర రాత్రిపూట డాక్టరుండరు. ముందు వేరేచోట చేర్చి ఒళ్ళు కుదుటపడ్డాక తీసుకురండి. అప్పుడు మేం బాగా చూసుకుంటాం."

బయటికి వచ్చాక కూతురు ఉసూరుమంది. వదిన మాత్రం, "ఉన్నమాట చెప్పాడు," అని ఆ కాగితాన్ని మడిచి దాచుకుంది.

రెండోది ఎత్తు గోడల చోటు. పైన గాజు పెంకులు. పది రోజుల్లో మాన్పించే బాధ్యత మాది అని ఎర్రటి అక్షరాలు. నడిపేవాణ్ణి అందరూ మాస్టారు అంటున్నారు. గొంతు కంచులా ఉంది. "మీరు తీసుకొచ్చి అప్పజెప్పండి, చాలు. మొదటి వారం ఇంటివాళ్ళు రాకూడదు, ఫోను చెయ్యకూడదు. మొండివాళ్ళని వంచడం మాకు తెలుసు."

"చేతులు కడుక్కోవాలండీ, కుళాయి ఎక్కడ?" అంది వదిన. సమాధానం కోసం ఆగకుండా వెనక్కి నడిచింది.

వెనక తీగ మీద దుప్పట్లు లేవు. గుడ్డ పేలికలున్నాయి. జానెడు వెడల్పున నిలువుగా చింపినవి, శుభ్రంగా ఉతికినవి, పదో పన్నెండో. ప్రతి పేలికకీ రెండు చివర్లా ఒకేచోట నలిగిన ముడత. బిగించి కట్టిన ముడి విప్పాక గుడ్డని ఎంత పిండి, ఎంత సాగదీసి ఆరేసినా ఆ నలుగు పోదు. ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. ఆ నలుగు మనిషి మణికట్టుని చుట్టి మంచానికి కట్టేంత కొలతలో ఉంది.

వదిన గిరుక్కున వెనక్కి తిరిగింది. చేతులు కడుక్కోకుండానే తిరిగొచ్చింది. "గొడుగు బస్సులో మరిచిపోయాం, పదవే," అని కూతుర్ని చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"మనం గొడుగు తేలేదు కదమ్మా!"

"అందుకే మరిచిపోయాం. నడు."

* * *

బుధవారం మూడో చోటికి వెళ్ళారు. అదొక పెద్దాసుపత్రిలో చిట్టచివరి వార్డు. మూడు నక్షత్రాలది. గోడలకి పెచ్చులూడాయి, ఫినాయిలు వాసన ముక్కు పగలగొడుతోంది, బల్ల ముందు వరస గుమ్మం దాటి ఉంది. "ఇదా?" అన్నట్టు చూసింది కూతురు. ఆ పిల్లని వరసలో నిలబెట్టి వదిన వెనక్కి వెళ్ళింది.

వెనక ఖాళీ స్థలంలో ఈ చివర్నుంచి ఆ చివరికి నాలుగు తీగలు. నాలుగింటి నిండా దుప్పట్లు. పూలవి, చారలవి, వెలిసిపోయినవి, ఎవరి ఇంటి దుప్పటి వాళ్ళదే. ప్రతిదాని మూలా ఎర్ర దారంతో కుట్టిన అంకె. కొన్నిటికి పోని మరకలున్నాయి, కానీ వాసన లేదు. వాటి మధ్య ఒక పొట్టి మనిషి, మెడలో దండలా బట్టల క్లిప్పులు గుచ్చుకుని, ఇంకో రెండు పళ్ళతో పట్టుకుని, తడి దుప్పటి దులుపుతోంది.

"ఎవరు కావాలి చెల్లీ?" అంది క్లిప్పులు తియ్యకుండానే.

"ఎవరూ కాదక్కా. చూద్దామని."

"దుప్పట్లనా? ఇన్నాళ్ళ నుంచి ఉతుకుతున్నా, వీటిని చూడ్డానికి వచ్చిందానివి నువ్వే మొదలు." క్లిప్పులు తీసి చేతిలో పట్టుకుంది. వదిన మొహం చూసింది. "ఇంట్లో ఎవరు?"

"మరిది."

"ఊ." ఆమె తీగ వైపు చెయ్యి చూపించింది. "ఇటు రా. ఇదిగో, ఎనిమిదో నంబరు. ఒకే ఒక్క దుప్పటి. అంటే నిన్న చేరాడు. ఇదిగో పదకొండో నంబరు. మూడు దుప్పట్లు. అంటే రెండో రోజు. ఇవి చూడు, నాలుగు, పక్కన ఇంకోటి, మొత్తం ఐదు, అన్నీ ఆరో నంబరువే. మూడో రోజన్నమాట, పాపం. రేపటికి రెండవుతాయి. ఎల్లుండికి ఒకటి. డాక్టరమ్మ కాగితం చూసి చెబుతుంది, నేను తీగ చూసి చెబుతా."

వదిన తీగకి దగ్గరగా జరిగింది.  "ఒక్క రోజులో ఐదు దుప్పట్లు ఎవరు మారుస్తారక్కా?"

"నర్సు. గంటకీ రెండు గంటలకీ వచ్చి నాడి చూస్తుంది, బీపీ చూస్తుంది, మందేస్తుంది. దుప్పటి తడిగా ఉంటే లాగేస్తుంది. నా ప్రాణానికి."

"రాత్రి కూడానా?"

"రాత్రిళ్ళు వాళ్ళకి చెమట పట్టదా ఏంటి? అప్పుడే ఎక్కువ. పొద్దున నేను వచ్చేసరికి బుట్ట నిండిపోయి ఉంటుంది."

వదిన ఐదు దుప్పట్లనీ ఒక్కొక్కటే ముట్టుకుంది. ఒక దుప్పటి మారిందంటే ఆ గంటలో ఒక మనిషి మెలకువగా ఉన్నట్టు. ఐదుసార్లు ఎవరో వచ్చి ఒంటి మీద చెయ్యి వేసి చూసినట్టు. తన ఇంట్లో ఆ గదికి మూడు రోజులూ ఒకటే దుప్పటి. తలుపుకి ఇవతల తను.

"ఏడవడానికి వేరే చోటు లేదా? ఆరినవి తడుపుతావా ఏంటి?" అంది క్లిప్పులావిడ. కానీ ముక్కు తుడుచుకోమని తన భుజం మీది తువ్వాలు ఇచ్చింది.

వదిన ముందుకి వచ్చేసరికి కూతురు ఇంకా వరసలోనే ఉంది. "ఇక్కడే," అంది వదిన.

"లోపల చూడనేలేదు కదమ్మా?"

"చూశాను."

* * *

గురువారం పొద్దున చిన్నకాటా తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని సిద్ధమయ్యాడు. "పెళ్ళికొడుకులా ఉన్నావు బాబాయ్," అంది కూతురు. "అక్కడ నచ్చకపోతే కట్నం వెనక్కి ఇచ్చేస్తావా?" అన్నాడతను. చేతులు మాత్రం బొత్తాలు పెట్టుకోలేకపోతే వదిన పెట్టింది.

వార్డులో నాలుగు దుప్పట్లు తెచ్చుకోమన్నారు. ఇంట్లో వాడుకలో ఉన్నవి మూడే. వదిన పెట్టె ముందు కాసేపు కూర్చుంది. తర్వాత నీలం గళ్ళ దుప్పటి తీసి మిగతావాటి మీద పెట్టింది.

డాక్టరమ్మ సన్నగా, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఉంది. "రోజుకి ఎంత తాగుతారు?"

"రెండు పెగ్గులండీ. మహా అయితే మూడు," అన్నాడు చిన్నకాటా నేల చూపులు చూస్తూ.

"సోమవారం ఆరువందల ఎనభై గ్రాములు," అంది వదిన. "మంగళవారం ఏడువందల పది. నిన్న ఆరువందల తొంభై."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "గ్రాములా?"

"మాది కాటాల ఇల్లండీ."

"గ్లాసుల్లో చెబుతారు, సీసాల్లో చెబుతారు. గ్రాముల్లో విన్నది ఇదే మొదటిసారి." నవ్వి, మళ్ళీ కలం తీసుకుంది. "మంచిపని చేశారమ్మా. ఈయన మాట నమ్మి మందు వేసుంటే తక్కువ పడేది."

"నన్ను దొంగ కాటా కింద జమకట్టేశారు," అన్నాడు చిన్నకాటా. వదిన నవ్వలేదు. అతని అన్న సంగతి చెప్పింది. తాళం, రాళ్ళు ఏరుకోవడం, మూడో రోజు, అంతా. డాక్టరమ్మ వినేంతసేపూ రాస్తూనే ఉంది. కాగితం పైన ఎర్ర కలంతో ఏదో గీత గీసింది. "ఈయన్ని నర్సుల బల్లకి ఎదురు మంచం మీద ఉంచుతాను," అంది. అంతే అంది. వదినకి అది వెయ్యి మాటల పెట్టు.

పదిహేడో నంబరు ఇచ్చారు. క్లిప్పులావిడ నాలుగు దుప్పట్ల మూలలా ఎర్ర దారంతో పదిహేడు కుట్టింది.

సాయంత్రం నాలుగింటికి ఇంటివాళ్ళని రానిస్తారు. వదిన తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళేది కాదు. ముందు తీగల దగ్గరికి. శుక్రవారం పదిహేడో నంబరువి రెండు. శనివారం మూడు. ఆదివారం లోపలికి వెళ్ళే ధైర్యం చాలక తీగల మధ్యే నిలబడిపోయింది. ఇంటివి తీగ మీద మూడు, బకెట్లో ఒకటి, వార్డుది ఇంకొకటి కూడా పదిహేడో నంబరు చీటీతో. ఐదు.

"మీవాడు ఘటికుడే. నా రెక్కలు విరగ్గొట్టాడివాళ," అంది క్లిప్పులావిడ. బకెట్లోంచి ఆఖరిది తీసింది. నీలం గళ్ళది.

అప్పుడు చెప్పింది వదిన, ఎవరికీ చెప్పని ఆ సంగతి. ఇది ఎవరి దుప్పటో, ఆ పొద్దున తను ఏం చేసిందో, పెట్టె తెరిస్తే ఏ వాసన వచ్చిందో.

క్లిప్పులావిడ ఓదార్చలేదు. అయ్యో అనలేదు. దుప్పటి ఒక కొస వదిన చేతిలో పెట్టింది. "గట్టిగా పట్టుకో. నువ్వటు తిప్పు, నేనిటు తిప్పుతా."

ఇద్దరూ పిండారు. నీళ్ళు జలజలా కారాయి. ఇంకో మెలిక వేసి మళ్ళీ పిండారు. దులిపి తీగ మీద వేశాక, "వెళ్ళు ఇప్పుడు. లోపల ఎదురుచూస్తుంటాడు," అంది.

లోపల చిన్నకాటా కళ్ళు మూసుకుని వణుకుతున్నాడు. అతని మణికట్టు మీద నర్సు వేళ్ళున్నాయి. నర్సు వదిన వైపు చూసి తలాడించింది. నాడి నడుస్తోంది.

సోమవారం తీగ మీద పదిహేడువి రెండు. మంగళవారం ఒక్కటి. బుధవారం ఆరిన దుప్పటి తీసి తనే మడుద్దామని వదిన చెయ్యి చాచింది. ఆ చేతి మీద చురుక్కున ఒక దెబ్బ పడింది.

"ముట్టుకోకు. ఇక్కడి పద్ధతి అది. లేచి తిరిగే మనిషి తన నంబరు తనే వెతుక్కుని, తన దుప్పటి తనే తీసుకోవాలి. ఇంటివాళ్ళు తీస్తే ఊరుకోను."

చిన్నకాటా గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. ఎండకి కళ్ళు చిట్లించాడు. మొదటి తీగంతా చూశాడు, రెండోదంతా చూశాడు. పదిహేడు దగ్గర ఆగి వేలితో అంకె తడిమాడు. క్లిప్పు తియ్యడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మడత వంకరగా వచ్చింది. గుండెకి హత్తుకుని, "వదినా, ఇది అన్నయ్యది కదూ?" అన్నాడు.

"ఇప్పుడు నీది," అంది వదిన.

* * *

ఆ తర్వాత తోట బంగ్లాకీ వెళ్ళాడు, ఆరు వారాలు. మేనేజరు అన్నమాట ప్రకారం బాగానే చూసుకున్నాడు. వెళ్ళేముందు వార్డులో మనుషుల్ని తూచే యంత్రం ఎక్కి దిగి, "డాక్టరమ్మగారూ, మీ కాటా రెండు కిలోలు దొంగిలిస్తోంది," అని స్క్రూడ్రైవరు అడిగి అక్కడికక్కడే బాగుచేశాడు. మర్నాడు సగం మంది నర్సులు రెండేసి కిలోలు బరువు పెరిగారు. వాళ్ళు ఇప్పటికీ అతన్ని క్షమించలేదు.

నాలుగో నెలలో ఒకసారి కాలు జారింది, మళ్ళీ తాగాడు. రెండు రోజులు. మూడో రోజు వదిన వెతకబోయేలోపే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "మీ పదిహేడో నంబరు తీగల దగ్గరికొచ్చి కూర్చున్నాడు చెల్లీ. లోపలికి పంపించాను." మళ్ళీ చేర్చుకున్నారు. మళ్ళీ పంపించారు.

ఇప్పటికి ఏడాది దాటింది. బంగారం కొట్టు త్రాసులు మళ్ళీ వస్తున్నాయి. మెట్ల కింద తాడు విప్పేశారు, అక్కడ కూతురు చెప్పుల బల్ల పెట్టింది. చిన్నకాటా వారానికోసారి తన దుప్పటి తనే ఉతికి, ఇంటి ముందు, వీధి తీగ మీద ఆరేస్తాడు. సాయంత్రం వచ్చి తనే తీస్తాడు. వదిన ప్రతి నెలా ఒకసారి ఆసుపత్రి వెనక్కి వెళ్ళి క్లిప్పులావిడతో కాసేపు దుప్పట్లు పిండి వస్తుంది. ఏమైనా ఇద్దామంటే ఆమె తీసుకోదు. పని చేస్తానంటే మాత్రం వద్దనదు.

మొన్న శనివారం సాయంత్రం ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. తీగ మీద నీలం గళ్ళ దుప్పటి. చిన్నకాటా ఆరున్నరకి వస్తాడు. ఆరూ నలభై అయింది.

"వదినా, వాన!" ఎదురింటి ఇస్త్రీ ఆయన కేక పెట్టాడు. "దుప్పటి తీసుకో!"

వదిన గుమ్మం దాకా వెళ్ళింది. చెయ్యి క్లిప్పు మీదికి వెళ్ళింది. వీధి మలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. ఒక చినుకు మోచేతి మీద పడింది, ఇంకొకటి పదిహేడు మీద.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మా, తడిసిపోతుందే! నేను తియ్యనా?" కూతురు లేవబోయింది.

"కూర్చో. దాన్ని తీసేవాడు వస్తున్నాడు."

"రాకపోతే?"

వదిన వీధి మలుపు వైపు ఇంకోసారి చూసింది. లోపలికి వచ్చి పీట వాల్చుకుని కూర్చుని ఉల్లిపాయలు తొక్క తియ్యసాగింది. ముగ్గురికి సరిపడా తీసింది. బయట చినుకులు జోరందుకున్నాయి. తీగ మీద దుప్పటి అలాగే ఉంది.